పోర్ట్ బ్లెయిర్ నుంచి క్యాంప్‌బెల్ బేకి ఎంత దూరం? పౌర విమానయాన మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,



పోర్ట్ బ్లెయిర్ నుంచి గ్రేట్ నికోబార్ దీవిలోని క్యాంప్‌బెల్ బేకి గాలిలో ఎంత దూరమో మీ శాఖలో ఎవరినడిగినా క్షణంలో చెబుతారు. బడిపిల్లలు కూడా లెక్క కట్టగలరు. ఒక డిగ్రీ అక్షాంశం అంటే సుమారు 111 కిలోమీటర్లు. పోర్ట్ బ్లెయిర్ 11.6 డిగ్రీల దగ్గరుంది, క్యాంప్‌బెల్ బే 7 డిగ్రీల దగ్గరుంది. దక్షిణంగా 510 కిలోమీటర్లు దిగాలి, ఆ దిగడంలోనే తూర్పుకి ఓ 130 కిలోమీటర్లు జరగాలి. లంబకోణ త్రిభుజానికి కర్ణం కడితే 530కి కాస్త అటూఇటూ తేలుతుంది. గంటకు 350 కిలోమీటర్లు పోయే చిన్న టర్బోప్రాప్ విమానానికి ఇది గంటన్నర ప్రయాణం. పైకి లేవడం, కిందికి దిగడం, రన్‌వే మీద నెమ్మదిగా నడవడం అన్నీ కలిపినా గంటా ముప్పావు దాటదు.

ఇదే దూరం ఓడలో ఎంతసేపో చూడండి. గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో ఎక్కడా ఆగకుండా పోయినా ఇరవై గంటలు దాటుతుంది. కానీ ఆగకుండా పోయే ఓడ దొరకడం కష్టం. దారిలో కార్ నికోబార్ ఉంది, కమోర్తా ఉంది, ఒక్కోచోట మనుషులు దిగాలి, సరుకు దిగాలి. రెండు రోజులు మామూలు. లిటిల్ అండమాన్‌కీ కార్ నికోబార్‌కీ మధ్య టెన్ డిగ్రీ ఛానెల్ ఉంది. నైరుతి రుతుపవనాల రోజుల్లో అక్కడ సముద్రం ఎలా లేస్తుందో, దాటి వచ్చినవాళ్ళ ముఖాలు చూస్తే తెలుస్తుంది. వాతావరణం బాగోలేదని ఓడ బయలుదేరడమే వాయిదా పడితే ఆ రోజులు కూడా ప్రయాణంలోనే కలుస్తాయి. పైగా ఓడ రోజూ ఉండదు. కాబట్టి దీవిలో ఉన్న మనిషి దూరాన్ని కిలోమీటర్లలో కొలవడు, తరువాతి ఓడ ఎప్పుడో అడిగి కొలుస్తాడు.

2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు మారింది. అక్కడి మనవాళ్ళ నోట్లో ఇంకా పాత పేరే ఆడుతోంది కనుక నేనూ అలాగే రాస్తున్నాను.

"మనవాళ్ళు" అని ఊరికే అనలేదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం తరువాత ఎక్కువమంది మాతృభాష తెలుగే. నూటికి పదమూడు మంది. వాళ్ళలో ఎంతోమంది మీ నియోజకవర్గమైన శ్రీకాకుళం నుంచీ విశాఖ తీరం నుంచీ వలస వెళ్ళినవాళ్ళూ, వాళ్ళ పిల్లలూ, మనవలూ. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ వైపు మన బెస్తల వీధులున్నాయి. మీరు ఓట్లడగడానికి వెళ్ళే తీరపు ఊళ్ళలో అక్కడ చుట్టాలున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. గ్రేట్ నికోబార్‌కైతే 1969 నుంచి 1980 వరకు మాజీ సైనికుల కుటుంబాలను మూడు వందలకు పైగా ప్రభుత్వమే తీసుకెళ్ళి నిలిపింది. దేశం కొసన మనుషులుండాలని పంపిన ప్రభుత్వం మీద, వాళ్ళు రావడానికీ పోవడానికీ దారి చూపే బాధ్యత కూడా ఉంది. అయితే ఈ లేఖ తెలుగువాళ్ళ కోసం మాత్రమే రాస్తున్నది కాదు. అందరికన్నా ముందునుంచీ అక్కడున్న నికోబారీల సంగతే ఇందులో మొదటిది.

ఇప్పుడు మిమ్మల్ని కాసేపు చాలా దూరం తీసుకెళ్తాను.

స్కాట్లండ్ ఉత్తరాన ఆర్క్నీ దీవులున్నాయి. అందులో వెస్ట్రే అనే దీవిలో దాదాపు ఆరువందల మంది, పక్కనున్న పాపా వెస్ట్రేలో నూరుమంది లోపు ఉంటారు. ఈ రెండు దీవుల విమానాశ్రయాల మధ్య దూరం 2.7 కిలోమీటర్లు. ప్రపంచంలో టైమ్‌టేబుల్ ప్రకారం నడిచే విమానాల్లో అతి చిన్న ప్రయాణం ఇదే. లోగన్ ఎయిర్ అనే సంస్థ 1967 నుంచి నడుపుతోంది. మామూలుగా ఒకటిన్నర నిమిషం, రెండు నిమిషాలు పడుతుంది. గాలి కలిసొచ్చిన రోజున 53 సెకన్లలో దిగిన రికార్డు ఉంది. అంటే సగటున గంటకు 180 కిలోమీటర్ల వేగం. అంత చిన్న దూరంలో విమానం తన అసలు వేగం అందుకోనే అందుకోదు, లేచీ లేవకముందే దిగడానికి సర్దుకోవాలి.

ఆ విమానం పేరు బ్రిటెన్-నార్మన్ ఐలాండర్. రెక్క పైన ఉంటుంది, చక్రాలు లోపలికి మడుచుకోవు, రెండు పిస్టన్ ఇంజన్లు. ఎనిమిది మంది పడతారు. లోపల మధ్యలో నడవడానికి జాగా లేదు, తలుపు తీసుకుని ఎవరి వరుసలో వాళ్ళు నేరుగా కూర్చోవాలి. పైలట్ ఒక్కడే, కో-పైలట్ లేడు కనుక ఆయన పక్క సీటు కూడా ప్రయాణికుడికే. ఆ సీట్లో కూర్చున్నవాడికి మీటర్లన్నీ కళ్ళెదుటే. అద్దంలోంచి చూస్తే బయలుదేరిన రన్‌వే, దిగబోయే రన్‌వే రెండూ దాదాపు ఒకేసారి కనబడతాయి. ఎక్కేవాళ్ళు దీవుల బళ్ళకు తిరిగి పాఠాలు చెప్పే టీచర్లు, రోగులు, వైద్య సిబ్బంది, పనుల మీద వెళ్ళే రైతులు.

ప్రపంచమంతా ఈ రెండు నిమిషాల ప్రయాణాన్ని వింతగా చెప్పుకుంటుంది. ఈ ప్రయాణం చేసినట్టు ఇచ్చే సర్టిఫికెట్ కోసం ఎక్కే పర్యాటకులు కూడా ఉన్నారు. కానీ విమానయాన శాఖ చూసేవారు గమనించాల్సింది వేరే ఉంది. ఆ 2.7 కిలోమీటర్ల కోసం అక్కడ ఎవరూ ప్రత్యేకంగా విమానం పెట్టలేదు. కిర్క్‌వాల్ అనే ప్రధాన పట్టణం నుంచి బయలుదేరిన విమానం వెస్ట్రేలో ఆగి, పాపా వెస్ట్రేలో ఆగి, మళ్ళీ కిర్క్‌వాల్ చేరుతుంది. ఒక్కోసారి వరుస తిరగబడుతుంది. మన పల్లెవెలుగు బస్సు దారిలోని ఊళ్ళన్నీ కలుపుకుంటూ పోయినట్టే ఈ విమానం దీవుల్ని కలుపుకుంటూ పోతుంది. ఏ దీవికి ఆ దీవి విడిగా చూస్తే విమానం నిండే జనం లేరు. కలిపి చూస్తే సీట్లు నిండుతాయి. నిండకపోయినా విమానం ఆగదు, ఎందుకంటే దాన్ని ఆర్క్నీ దీవుల స్థానిక మండలి ప్రజాసేవ ఒప్పందం కింద డబ్బిచ్చి నడిపిస్తోంది. ఒప్పందానికి గడువుంది, సేవకు గడువు లేదు. గడువు తీరితే మళ్ళీ టెండరు పిలుస్తారు. నడిపే సంస్థ మారినా మారవచ్చు, దీవికి విమానం రావడం మాత్రం మానదు.

ఈ లెక్కను మన దీవులకు తెచ్చి పరచి చూడండి. పోర్ట్ బ్లెయిర్ నుంచి కార్ నికోబార్ సుమారు 275 కిలోమీటర్లు. కార్ నికోబార్ నుంచి క్యాంప్‌బెల్ బే సుమారు 265. రెండూ కలిపితే 540. నేరుగా పోతే 530. అంటే మధ్యలో కార్ నికోబార్‌లో దిగిపోవడం వల్ల పెరిగే దూరం పది కిలోమీటర్లు! కార్ నికోబార్ దాదాపు దారిలోనే ఉంది. దిగి, ఎక్కించుకుని, మళ్ళీ లేవడానికి అరగంట, ముప్పావుగంట అదనం. ఆ ముప్పావుగంట ఖర్చుతో ఒకే విమానం రెండు దీవులకు పనికొస్తుంది.

ఇంకో మేలూ ఉంది, బహుశా అన్నిటికన్నా పెద్దది. సముద్రం మీద దూరాన ఉన్న చిన్న రన్‌వేకి బయలుదేరే విమానం, అక్కడ మబ్బు పట్టి దిగలేకపోతే మరో రన్‌వేకి తిరిగి పోవడానికి సరిపడా ఇంధనం వెంట ఉంచుకోవాలి. ఇంధనం బరువు పెరిగితే ఆ మేరకు మనుషుల బరువు తగ్గించాలి. చిన్న విమానానికి ఇది చాలా కటువైన లెక్క. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఒక్క ఊపున క్యాంప్‌బెల్ బేకి పోయి, కుదరక వెనక్కి రావలసి వస్తుందేమోనని ట్యాంకు నింపుకుంటే కొన్ని సీట్లు ఖాళీగా ఉంచుకోవాల్సిందే. కార్ నికోబార్‌లో ఇంధనం పోసుకునే ఏర్పాటుంటే అవే సీట్లలో మనుషులు కూర్చుంటారు. దూరం, సమయం అని పటం మీద రెండు అంకెలు వేసేటప్పుడు ఈ మూడో అంకె కనబడదు. పైలట్లకు మాత్రం మొదట కనబడేది అదే.

రన్‌వేలు కొత్తగా వేయనక్కర్లేదు. కార్ నికోబార్‌లో వైమానిక దళానికి పెద్ద రన్‌వే ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ ఆ స్థావరాన్ని ఊడ్చేసింది, వందమందికి పైగా వైమానిక దళ సిబ్బంది, వాళ్ళ కుటుంబసభ్యులు పోయారు. మిగిలిన రన్‌వే మీదే సహాయ విమానాలు దిగాయి. క్యాంప్‌బెల్ బేలో 2012 జులైలో నౌకాదళం ఐఎన్ఎస్ బాజ్ అనే వైమానిక స్థావరాన్ని ప్రారంభించింది. తొలినాటి రన్‌వే పొడవు కిలోమీటరు పైచిలుకు, డోర్నియర్‌లాంటి విమానానికి అది చాలు. నౌకాదళం వాడేదీ అవే.

సైనిక రన్‌వే మీద పౌర విమానాలా అని ఎవరైనా మీ ముందు అభ్యంతరం పెడితే విశాఖపట్నం చూపించండి. ఇన్నేళ్ళుగా మనమంతా విశాఖలో దిగుతున్నది నౌకాదళపు ఐఎన్ఎస్ డేగ రన్‌వే మీదే కదా. పోర్ట్ బ్లెయిర్‌లోనూ నౌకాదళం, ప్రయాణికుల విమానాలు ఒకే రన్‌వేని పంచుకుంటున్నాయి. వారానికి మూడు రోజులు, గుర్తింపు చూసుకుని ఎక్కించుకునే పదిహేనుమంది దీవివాసుల వల్ల దేశ రక్షణకు చేటు రాదు. సరిహద్దు దీవిలో జనం వెళ్ళిపోకుండా స్థిరంగా ఉండటం కూడా రక్షణలో భాగమేనని నా నమ్మకం.

విమానం కోసం కూడా విదేశాలకు పోనక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలోని దిబ్రూగఢ్ నుంచి అరుణాచల్‌లోని పాసీఘాట్‌కు అలయన్స్ ఎయిర్ ఒక సర్వీసు మొదలుపెట్టింది. అందులో ఎగిరింది హెచ్ఏఎల్ కాన్పూర్‌లో తయారుచేసిన 17 సీట్ల డోర్నియర్. మన దేశంలో తయారైన విమానం మామూలు ప్రయాణికులను టికెట్ మీద తీసుకెళ్ళింది. కొండల మధ్య సాధ్యమైంది సముద్రం మీద ఎందుకు కాకూడదు?

ఇక అసలు చిక్కు దగ్గరికి వస్తాను. మన ఉడాన్ పథకం 2016లో రూపుదిద్దుకుంది, 2017 ఏప్రిల్‌లో మొదటి విమానం ఎగిరింది. ఆలోచన మంచిది. సగం సీట్లకు ధర పరిమితి పెట్టి, సంస్థకు వచ్చే లోటును మూడేళ్ళపాటు ప్రభుత్వం పూడుస్తుంది. ఆ తరువాత జనం అలవాటుపడి, మార్గం తన కాళ్ళ మీద తాను నిలబడాలి. కడప, కర్నూలు వంటి ఊళ్ళకు ఈ ఆశలో అర్థముంది. కానీ 2023లో కాగ్ ఇచ్చిన నివేదిక చూడండి. కేటాయించిన 774 మార్గాల్లో మొదలైనవి 371. అందులో మూడేళ్ళూ నడిచినవి 112. గడువు తరువాత కూడా 2023 మార్చి వరకు నిలిచినవి 54. మైదాన ప్రాంతంలోనే నిలబడని పద్ధతి దీవుల్లో నిలబడుతుందని ఎలా అనుకోగలం?

నికోబార్‌లో అయితే అది నిలబడే వీలు చట్టం వల్లే లేదు, ఈ మాట మీరు ప్రత్యేకంగా పట్టించుకోవాలని ప్రార్థన. కార్ నికోబార్ ఆదివాసీ రక్షిత ప్రాంతం. 1956 నాటి రక్షణ నిబంధనల కింద బయటివాళ్ళు అనుమతి పత్రం లేకుండా అడుగుపెట్టకూడదు. అది న్యాయమైన నిబంధన, దాన్ని సడలించమని నేను అడగను, ఎవరు అడిగినా వ్యతిరేకిస్తాను. కానీ దాని ఫలితం చూడండి. హ్యావ్‌లాక్‌కు పోయినట్టు పర్యాటకులు అక్కడికి పోరు, పోకూడదు. సీట్లు నింపే డబ్బున్న జనం ఎప్పటికీ రారు. ఎక్కేది నికోబారీ కుటుంబాలు, సెటిలర్లు, టీచర్లు, నర్సులు, చదువుకు పోయే పిల్లలు. 2011 లెక్కల్లో నికోబార్ జిల్లా మొత్తం జనాభా 36 వేల పైచిలుకు, గ్రేట్ నికోబార్‌లో దాదాపు ఎనిమిది వేలు. ఇంత కొద్దిమందిని చూపించి "డిమాండు లేదు" అని ఫైలు మూసేస్తే, ఒక చేత్తో మార్కెట్‌ను ఆపి, రెండో చేత్తో మార్కెట్ లేదని శిక్ష వేసినట్టవుతుంది.

2010 డిసెంబరులో జల్ హంస్ అని ఎనిమిది సీట్ల సముద్ర విమానాన్ని ఈ దీవుల కోసం ఆర్భాటంగా మొదలుపెట్టారు. నిలదొక్కుకోలేదు. హెలికాప్టర్లు ఉన్నాయి, వాటి మేలు ఎంతో ఉంది, ప్రాణాపాయంలో ఉన్నవాళ్ళకు అవే దిక్కు. అయితే ఆ కొద్ది సీట్లలో ముందు రోగులు, తరువాత ప్రభుత్వ పనుల మీద వెళ్ళేవాళ్ళు. మామూలు మనిషి వంతు వచ్చేసరికి సీటు మిగలాలి, వాతావరణం మిగలాలి.

రోగి సంగతే తీసుకోండి. పెద్ద వైద్యానికి దీవులన్నిటికీ పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రే దిక్కు. క్యాంప్‌బెల్ బేలో ఒకావిడకు ఏడో నెల, రక్తపోటు పెరుగుతోంది, స్కానింగ్ చేయించాలి. ప్రాణం మీదికి రాలేదు కనుక అత్యవసరం కాదు. అలాగని వదిలేసేదీ కాదు. ఆమె ఓడలో రెండు రోజులు పోవాలి, పరీక్షలు చేయించుకోవాలి, తిరుగు ఓడ కోసం ఎవరింట్లోనో ఉండాలి, మళ్ళీ రెండు రోజులు అలల మీద రావాలి. తోడు వచ్చిన భర్త పదిరోజుల పని పోగొట్టుకుంటాడు. చివరికి ఏం చేస్తారు? "వచ్చే ఓడకి చూద్దాంలే" అనుకుంటారు. ఆ మాటతో వాయిదా పడిన వైద్యం ఏ లెక్కలోనూ రాదు. అత్యవసరంగా తరలించినవాళ్ళను లెక్కపెడతాం, అత్యవసరం అయ్యేదాకా ఆగినవాళ్ళను లెక్కపెట్టం. వారానికి మూడుసార్లు టికెట్ కొనుక్కుని ఎక్కే విమానం ఉంటే ఆమె పొద్దున్న బయలుదేరి, డాక్టరుకు చూపించుకుని, మూడో రోజుకి ఇంటికొస్తుంది.

గ్రేట్ నికోబార్‌లో పెద్ద ఓడరేవుతోపాటు అంతర్జాతీయ విమానాశ్రయం కట్టే ప్రణాళిక ఉంది కదా, అప్పుడు అన్నీ వస్తాయని మీ అధికారులు చెప్పవచ్చు. ఆ అడవుల గురించి, అక్కడి ఆదివాసులైన షోంపెన్‌ల గురించి నాకు గట్టి ఆందోళనలున్నాయి, వాటికి ఈ లేఖలో చోటు లేదు. ఇక్కడ చెప్పదలచింది ఒక్కటే. చెట్టు కొట్టకుండా, ఎవరినీ కదిలించకుండా, ఉన్న రన్‌వే మీద చిన్న విమానం దించడానికి ఆ ప్రణాళిక పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు.

స్కాట్లండ్‌లోనే మరొక ఏర్పాటుంది. ఆర్క్నీ, షెట్లండ్, పశ్చిమ దీవుల శాశ్వత నివాసులు ప్రధాన భూభాగానికి ఎగిరేటప్పుడు అర్హమైన మార్గాల్లో టికెట్ అసలు ధరలో సగం ప్రభుత్వం భరిస్తుంది. పర్యాటకుడు పూర్తి ధర కడతాడు, దీవివాసి సగం కడతాడు. మనకూ దీవివాసులకిచ్చే ఐలాండర్ కార్డులున్నాయి, ఓడల్లో దీవివాసులకు టికెట్ ధర తక్కువ. ఓడలో అంగీకరించిన న్యాయాన్ని విమానంలోకి తేవడానికి కొత్త సిద్ధాంతం అక్కర్లేదు. డబ్బుకీ దారుంది. పెద్ద నగరాల మధ్య ఎగిరే విమానాల మీద ప్రాంతీయ అనుసంధానం పేరుతో లెవీ వసూలవుతూనే ఉంది. అది వసూలు చేసిందే ఇలాంటి చోట్ల కోసం.

2025 బడ్జెట్‌లో ఉడాన్‌ను సవరించి పదేళ్ళలో 120 కొత్త గమ్యాలు కలుపుతామని, నాలుగు కోట్ల మందిని చేరుస్తామని ప్రకటించారు. ఆ నాలుగు కోట్లలో నికోబార్ వాటా చుక్కంత. అందుకే భయం. తలల లెక్కన పోటీ పెడితే ఈ దీవులు ఎప్పుడూ జాబితా అడుగునే ఉంటాయి. ఒక్కో ప్రయాణికుడికి మిగిలే గంటల లెక్కన పోటీ పెట్టండి. హైదరాబాద్ నుంచి కర్నూలుకు విమానం వేస్తే మనిషికి రెండు మూడు గంటలు మిగలవచ్చు. క్యాంప్‌బెల్ బేకి వేస్తే రెండు రోజులు మిగులుతాయి. సబ్సిడీలో ఒక్కో రూపాయికి మిగిలిన సమయాన్ని కొలిస్తే ఈ మార్గం మీ జాబితాలో మొదటి వరుసకు వస్తుందని నా గట్టి నమ్మకం. మీ శాఖ వాళ్ళతో ఆ లెక్క కట్టించి బయటపెట్టండి.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నది ఇది. పోర్ట్ బ్లెయిర్, కార్ నికోబార్, క్యాంప్‌బెల్ బేలను మూడు వేరు మార్గాలుగా కాక ఒకే చుట్టుగా టెండరులో పెట్టండి. మూడేళ్ళ తరువాత సబ్సిడీ ఆగిపోయే షరతు దీనికి వద్దు, గడువు ముగియడానికి ఏడాది ముందే కొత్త టెండరు పిలవాలని అందులోనే రాయండి. సగం సీట్లకు కాదు, దీవివాసులు కూర్చునే ప్రతి సీటుకూ ధర పరిమితి పెట్టండి. రెండు సీట్లు రోగికీ తోడుకీ ముందురోజు సాయంత్రం దాకా ఆపి ఉంచండి. అనుమతి పత్రం లేనివాళ్ళకు కార్ నికోబార్ టికెట్ ఇవ్వకండి. కార్ నికోబార్‌లో ఇంధనం కోసం, క్యాంప్‌బెల్ బేలో ప్రయాణికులు కూర్చునే నీడ కోసం రక్షణ శాఖతో మీరే స్వయంగా మాట్లాడండి, ఫైళ్ళ మీద ఉత్తరాలు నడిస్తే ఏళ్ళు గడుస్తాయి. వీటన్నిటికీ ముందు కార్ నికోబార్ ఆదివాసీ మండలిని సంప్రదించండి. వేళలు, రోజులు వాళ్ళు చెప్పినట్టు ఉంటే విమానం వాళ్ళదవుతుంది.

2024 జూన్‌లో మీరు ఈ శాఖ చేపట్టినప్పుడు మన తీరంలో చాలామంది సంతోషించారు, పోర్ట్ బ్లెయిర్‌లోని మన వీధుల్లోనూ సంతోషించారు. శీతాకాలపు విమాన షెడ్యూలు ఏటా అక్టోబరు చివరి ఆదివారం మొదలవుతుంది. వచ్చే షెడ్యూలులో ఈ మూడు పేర్లు ఒకే వరుసలో, వారానికి మూడు రోజులు, బయలుదేరే వేళ, చేరే వేళలతో సహా అచ్చయ్యేలా చూడమని కోరుతున్నాను.

ఇట్లు,
శ్రీకాకుళం తీరం నుంచి,
మీ జిల్లావాసి ఒకరు